కుడివైపు మూడో కిటికీ

జనవరి 4, సోమవారం

ఈ నోటుపుస్తకం మెట్లు కడిగిన తేదీలు రాసుకోవడానికి కొన్నాను. ఇవాళ్టి నుంచి ఇందులో వేరే సంగతులు కూడా రాస్తాను. ఎవరికీ చూపించను. ఎవరికైనా చెప్పాల్సి వస్తే నోటితోనే చెప్తాను, నాకు నోరు లేక కాదు.

చిన్నదొర దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, రిజిస్టర్ పోస్టులో. తన ఇంటి గేటు కాసే మనిషికి రిజిస్టర్ పోస్టులో రాశాడంటే, ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేదన్నమాట. దొరసాని పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఫోంబ్రూజ్ దివాణం మొత్తం బాగుచేయించి, వాటాలుగా విడగొట్టి పారిస్ వాళ్ళకి అమ్ముతాడట. గేటు పక్కన నా గదిలో టపా పెట్టెలు పెడతారట. సెప్టెంబరు ముప్ఫైకల్లా ఖాళీ చెయ్యాలట. చివర్న "మీ దీర్ఘకాల సేవలకు కృతజ్ఞతలతో" అని ఒక ముక్క. నేను పుట్టిందే ఈ గదిలో. మా అమ్మ ఈ గేటు ముప్ఫై రెండేళ్ళు తెరిచి మూసింది, నేనింకో ముప్ఫై రెండేళ్ళు. సేవేమిటి, మేమిక్కడ బతికాం.

పోస్టుమాన్ కొత్త క్యాలెండర్ తెచ్చాడు. ఈసారి బొమ్మ పిల్లికూనలు. మంచం దగ్గర తగిలించాను. నా మంచం గోడలోనే ఉంటుంది. మెట్ల గది పెద్దగోడని కింద మనిషి పట్టేంత తొలిచి ఎప్పుడో గూడు చేశారు, అందులో పక్క. చలికాలం వెచ్చగా ఉంటుంది. మా ఆయన ఎవరిస్త్ పోయే ముందు, ఆ శరదృతువులో, గూటి లోపలి గోడకి సున్నంతో ఏదో పూశాడు. "తేమ, ముట్టుకోకు" అన్నాడు. పైన క్యాలెండర్ తగిలించాడు. మా ఆయన తాపీ మేస్త్రి, తేమ సంగతి ఆయనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పదకొండేళ్ళుగా ప్రతి జనవరిలో పాతది తీసి కొత్తది పెడుతున్నాను. కళ్ళు మూసుకునే పెడతాను. మేకు ఎక్కడుందో నా చేతికి తెలుసు.

అరవై రెండు మెట్లూ కడిగాను.

జనవరి 11, సోమవారం

ఆర్కిటెక్టు వచ్చాడు. పేరు లెస్కూర్. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, మెడకి మఫ్లరు, బూట్ల మీద దుమ్ము లేదు. వెనకాల చిన్నదొర. పూర్తి పేరు తంక్రెద్ ద ఫోంబ్రూజ్, దొరసాని మేనల్లుడు. చిన్నప్పుడు వేసవి సెలవలకి వచ్చి నా మెట్ల పిట్టగోడ మీంచి జారేవాడు, నన్ను నోనో అని పిలిచేవాడు. ఇప్పుడు "మదాం కస్తాన్యే" అంటున్నాడు.

లెస్కూర్ ముంగిట్లో నిలబడి పాఠం మొదలుపెట్టాడు.

"ఈ ఫోంబ్రూజులు ఉప్పు మీద పన్ను వసూలు చేసి పైకొచ్చారండీ. 1668లో కట్టుకున్నారు. వీధిలోంచి చూస్తే ఏముంది, ఓ గేటు, ఓ పొడుగు గోడ. వీధికి వీపు, ముంగిలికి మొహం. లోపలికొచ్చినవాడికే వైభవం. ఇక ఆ మెట్లు. నడుమ ఒక్క స్తంభం లేదు. గోడని పట్టుకుని రాతి కమాన్లు గాల్లో నాలుగు చుట్లు తిరిగాయి. పెజెనాస్ ఊరు మొత్తం మీద ఇలాంటివి ఇంకో రెండున్నాయేమో."

బాగా చెప్పాడు, ఒప్పుకుంటాను. మెట్లని ప్రేమించేవాడి మీద నాకు కోపం నిలవదు. కానీ తర్వాత వేలెత్తి కుడివైపు మేడ మీది మూడో కిటికీ చూపించాడు.

"ఇదిగో, ఇది అన్యాయం. విప్లవం తర్వాత కిటికీల మీద పన్ను వేశారు కదా, పన్ను తప్పించుకోడానికి ఎవరో పిసినారి రాళ్ళతో పూడ్చేశాడు. దీన్ని తెరిస్తే మెట్ల మీద వెలుతురు కుమ్మరించినట్టు పడుతుంది. కొనేవాళ్ళు ఆ వెలుతురు చూసే కొంటారు."

"అది పూడ్చిన కిటికీ కాదు. అది ఎప్పుడూ కిటికీ కాదు," అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. చీపురు మాట్లాడినట్టు చూశారు.

ఎడమవైపు మేడ మీద మూడు కిటికీలు. కాబట్టి కుడివైపు మూడు ఉండాలి. లేకపోతే ఆ కాలం దొరలకి అన్నం సహించేది కాదు. అయితే కుడివైపు మూడోదాని వెనక మెట్ల కమాన్లు వచ్చి గోడకి ఆనుతాయి. అక్కడ రంధ్రం పెడితే మెట్లు దేన్ని పట్టుకుని నిలబడతాయి? అందుకని గోడ గోడలాగే ఉంచి, చుట్టూ చట్రం చెక్కి, కిటికీ అన్న పేరు పెట్టారు. ఉత్తుత్తి కిటికీ. ఎవరిస్త్ ఇది నాకు పెళ్ళికి ముందే చెప్పాడు, ఈ ముంగిట్లోనే, ద్రాక్షపళ్ళు తింటూ.

"మీకెవరు చెప్పారు?" అన్నాడు లెస్కూర్.

"మా ఆయన."

"ఆయన ఆర్కిటెక్టా?"

"తాపీ మేస్త్రి."

"ఓహో," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నేనొదల్లేదు. మెట్లెక్కించి రెండో అంతస్తు కమాను మీద ఎవరిస్త్ వేసిన సాక్షుల్ని చూపించాను. గోడ కదులుతుందన్న అనుమానం ఉన్నచోట అడ్డంగా సున్నపు పట్టీ వేసి దాని మీద తేదీ రాస్తారు. గోడ కదిలితే పట్టీ చీలుతుంది. దాన్ని సాక్షి అంటారు మేస్త్రీలు. ఇవి రెండూ 1988వి. ఈకల బ్రష్షుతో నేనే వాటి దుమ్ము దులుపుతాను.

లెస్కూర్ చేత్తో తడిమి నవ్వాడు. "రెండూ చెక్కుచెదరలేదు కదా మదాం. మీ ఆయనే నా పక్షాన సాక్ష్యం చెబుతున్నారు."

చిన్నదొర పకపకా నవ్వాడు. కడిగిన మెట్ల మీద ఇద్దరి బూట్ల ముద్రలూ పడ్డాయి. మళ్ళీ కడిగాను.

జనవరి 12

నేను వెళ్ళను.

జనవరి 30, శనివారం

సంత నుంచి అగ్లయే గారికి నల్ల ఆలివ్‌లు, తీపి మాంసం కూరిన చిన్న పేస్ట్రీలు రెండు తెచ్చిచ్చాను. ఆవిడ ఎడమవైపు మేడ మీద ఉంటుంది, సరిగ్గా ఉత్తుత్తి కిటికీకి ఎదురుగా ఉన్న నిజం కిటికీలో. ఎనభై మూడేళ్ళు. నలభై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పింది. బతికున్నంతకాలం ఉండొచ్చని దొరసాని రాసిచ్చిన కాగితం ఉంది కాబట్టి ఆవిణ్ని ఎవరూ కదపలేరు. నాకు అలాంటి కాగితం లేదు. అడగాలని తోచలేదు. మన చెయ్యి మనది అని ఎవరైనా కాగితం రాయించుకుంటారా?

"ఏమే ఒనోరీన్, ఇంతకీ నీ కొట్లాట కిటికీ కోసమా, గది కోసమా?" అని అడిగింది పేస్ట్రీ కొరుకుతూ.

"కిటికీ కోసమే."

"కిటికీ తెరవడం ఆగితే పనులాగుతాయి. పనులాగితే నీ గది నీకుంటుంది. నాకు లెక్కలొచ్చులే."

"మెట్లు కూలితే మీరు కిందికి ఎలా దిగుతారో అది లెక్కెయ్యండి ముందు."

"నేను దిగను. బుట్ట కట్టి వదుల్తాను, నువ్వు ఆలివ్‌లు వేసి పంపు," అంది.

ఆవిడతో నేను మాట్లాడను ఇక. రేపు సూప్ ఇవ్వడానికి మాత్రం వెళ్ళాలి.

ఫిబ్రవరి 9, మంగళవారం

కార్నివాల్. గుర్రప్పిల్ల ఊరేగింపు మా వీధిలోంచే వెళ్ళింది. బట్ట కప్పిన ఆ పెద్ద గుర్రం బొమ్మ చట్రం కింద తొమ్మండుగురు మనుషులు, వెనక డప్పులు. దొరసాని ఉన్నప్పటి అలవాటు ప్రకారం గేటు బార్లా తెరిచాను. గుర్రం లోపలికొచ్చి ముంగిట్లో గంతులేసింది. చిన్నదొర లేడు కాబట్టి ఎవరినీ అడగలేదు. ఉన్నా అడిగేదాన్ని కాదు.

గదిలోకి వచ్చి చూస్తే దిండు మీద సన్నటి తెల్లపొడి. క్యాలెండర్ వెనకనుంచి రాలింది.

తేమ.

మార్చి 5, శనివారం

చారిత్రక కట్టడాలు చూసే ప్రభుత్వ ఆర్కిటెక్టుకి ఉత్తరం రాశాను. ఈ దివాణం రక్షిత కట్టడం. ముంగిలి వైపు గోడ మీద మేకు కొట్టాలన్నా ఆ ఆఫీసు సంతకం కావాలి. కిటికీ తెరవడానికి లెస్కూర్ అప్పుడే అర్జీ పెట్టాడట. సంతకం పెట్టేలోపు ఒక్కసారి వచ్చి కళ్ళతో చూడండి అని రాశాను. అగ్లయే గారు ఎర్ర సిరాతో దిద్దింది. "మూర్ఖులు" అన్న మాట రెండుచోట్ల కొట్టేసింది. ఒకటి మళ్ళీ రాశాను.

మార్చి 19, శనివారం

ముంగిట్లో అద్దెవాళ్ళందరినీ పోగేసి చిన్నదొర పనుల గురించి చెప్పాడు. చివర్న నా వైపు తిరిగి అన్నాడు.

"మదాం కస్తాన్యే మా మీద ప్రభుత్వానికి ఫిర్యాదు చేశారు. ఖాళీ చెయ్యమని ఉత్తరం అందిన వారానికే ఆవిడకి వాస్తుశాస్త్రం వచ్చేసింది. నా ఉత్తరానికి ఇంత మహిమ ఉందని నాకే తెలీదు."

అందరూ నవ్వారు. మెట్ల మీద నేను మోసిన సంచులవాళ్ళు, నేను నీళ్ళు పోసి బతికించిన మొక్కలవాళ్ళు. అగ్లయే గారు ఒక్కతే నవ్వలేదు. అయితే ఆవిడకి చెముడు.

"మొస్యూ తంక్రెద్, మీకు ఏడేళ్ళప్పుడు ఆ పిట్టగోడ మీంచి జారి పన్ను విరగ్గొట్టుకున్నారు. ఆ పన్ను ఇంకా నా దగ్గరుంది. వాస్తుశాస్త్రం అప్పట్నుంచే వచ్చు నాకు," అన్నాను.

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. అది నాకు ఊరట కాలేదు. గదిలోకొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

ఏప్రిల్ 2, శనివారం

నిచ్చెనేసుకుని ఎక్కాను. అరవై ఒక్కేళ్ళ మనిషి నిచ్చెనెక్కితే ఏమవుతుంది? ఏమీ కాలేదు. కింద అగ్లయే గారు నిచ్చెన పట్టుకుంది, అంటే నేను పడితే ఇద్దరం పోయేవాళ్ళం.

ముందు ఎడమవైపు నిజం కిటికీ చూశాను. రాతి చట్రంలో ఇటు రెండు, అటు రెండు కీలు బెజ్జాలు, తలుపు రెక్కలు వేలాడదీసే ఇనుప కొక్కేల కోసం. బెజ్జాల చుట్టూ తుప్పు మరకలు. గడప రాయి మధ్యలో అరిగి ఉంది, మూడు వందల ఏళ్ళుగా మోచేతులు ఆనించీ ఆనించీ.

తర్వాత కుడివైపుది. చట్రం చుట్టూ రెండుసార్లు వేళ్ళతో తడిమాను. ఒక్క బెజ్జం లేదు. తుప్పు లేదు. గడప రాయి నిన్న చెక్కినట్టు పదునుగా ఉంది. దాని మీద ఏ మోచెయ్యీ ఆనలేదు. పైగా చట్రం రాళ్ళూ లోపలి రాళ్ళూ ఒకదాన్నొకటి పట్టుకుని ఒకే వరసలో వెళ్ళాయి. తర్వాత పూడ్చినవైతే విడిగా ఉండాలి.

చూశావా ఎవరిస్త్, అన్నాను. పైకే అన్నాను. నిచ్చెన మీద.

ఏప్రిల్ 16, శనివారం

చిన్నదొర స్వయంగా నా గదికొచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. కాఫీ ఇచ్చాను. తాగాడు. ప్రభుత్వ ఆర్కిటెక్టు మే పన్నెండున వస్తోందట.

"నోనో, మనం పోట్లాడుకోవడం అత్తయ్యకి నచ్చేది కాదు," అన్నాడు.

నోనో అన్నాడంటే ఏదో ఉందని అప్పుడే అనుకున్నాను. జేబులోంచి కాగితం తీశాడు. ఈ గదిలో నేను బతికున్నంతకాలం ఉండొచ్చు. టపా పెట్టెలు వేరేచోట పెట్టుకుంటారు. బదులుగా నేను నా ఉత్తరం వెనక్కి తీసుకోవాలి, కిటికీ గురించి ఇంక ఎవరితోనూ మాట్లాడకూడదు. అగ్లయే గారి దగ్గరున్నలాంటి కాగితమే. కింద సంతకానికి జాగా.

"కిటికీ తెరిస్తే మెట్లు కూలతాయి," అన్నాను.

"లెస్కూర్ కూలవంటున్నాడు. ఆయన చదువుకున్నాడు కదా. కూలితే తప్పు ఆయనది, నీది కాదు. నీకేం పోయింది?"

అడగడం చాలా సులువుగా అడిగాడు. అతను వెళ్ళాక కాగితం మూడుసార్లు చదివాను. సొరుగులో పెట్టాను. నేను సంతకం పెట్టను. ఊరికే, పారెయ్యడమెందుకని పెట్టాను.

ఏప్రిల్ 18

సంతకం పెట్టలేదు. గదిలో పెన్ను కనపడలేదు.

ఏప్రిల్ 21

పెన్ను కనపడింది. సిరా ఆరిపోయింది.

(ఈ పుస్తకంలో దేనితో రాస్తున్నావే ఒనోరీన్?)

ఏప్రిల్ 29, శుక్రవారం

ఇవాళ మెట్లు కడగలేదు. ముప్ఫై రెండేళ్ళలో ఇది నాలుగోసారి. నాలుగో చుట్టులో, కమాను గోడని తాకేచోట, అరచెయ్యి ఆనించి చాలాసేపు కూర్చున్నాను. ఆ బరువంతా నా పక్క మీదికే దిగుతోంది. ఈ మాట ఎవరూ నాకు చెప్పలేదు. ఎప్పట్నుంచి తెలుసో కూడా నాకు గుర్తులేదు.

మే 12, గురువారం

ఇవాళ రాయను.

మే 15, ఆదివారం

ఇవాళ రాస్తాను.

ప్రభుత్వ ఆర్కిటెక్టు పేరు మదాం హద్దాద్. యాభై ఏళ్ళుంటాయి, పొట్టి మనిషి, బూట్ల నిండా వేరే ఎక్కడిదో మట్టి. ఆ మట్టి చూడగానే నాకు కాస్త ప్రాణం కుదుటపడింది. తనే నిచ్చెనెక్కింది. రెండు కిటికీలూ తడిమింది. దిగొచ్చి చేతులు దులుపుకుంది.

"కీలు బెజ్జాలు లేవన్నది నిజమే. మొదట్నుంచీ ఉత్తుత్తిదే. పన్నుకోసం పూడ్చింది కాదు."

లెస్కూర్ మొహం ఎర్రబడింది. నోట్సులో ఏదో కొట్టేశాడు. చిన్నదొర మాత్రం తడబడలేదు. "ఉత్తుత్తిదైతే మాత్రమేం? ఇప్పుడు నిజందిగా చేస్తాం. అందంగానే ఉంటుంది కదా," అన్నాడు.

"తెరిస్తే మెట్లు దిగిపోతాయా లేదా అన్నది ప్రశ్న. ఈ గోడ బరువు మోస్తోందన్న గుర్తు ఒక్కటైనా నాకు కావాలి. అది లేకుండా కాదనలేను," అంది మదాం హద్దాద్. "ఈ గోడకి కింద ఏముంది?"

"నా మంచం," అన్నాను.

నలుగురం నా గదిలోకి వచ్చాం. ఈ గదిలో నలుగురు నిలబడితే తలుపు మూయడానికి రాదు. లెస్కూర్ గూడు చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

"చూశారా. పెద్దగోడని ఇక్కడ ఇంత లోతు తొలిచేశారు, కనీసం నూట యాభై ఏళ్ళ కిందట. నిజంగా బరువు దిగుతుంటే ఈపాటికి ఇది బద్దలవ్వాలి. ఒక్క గీతైనా ఉందా? పైన సాక్షులు చెక్కుచెదరలేదు. కింద ఒక్క గీత లేదు."

మదాం హద్దాద్ తల ఊపింది. ఫైలు తెరిచింది. చిన్నదొర నన్ను చూసి చిన్నగా కన్నుగీటాడు. ఆ కన్నుగీటు అర్థం నాకు బాగా తెలిసింది: కాగితం సొరుగులోనే ఉందిగా, నోనో. నువ్వేమీ చెయ్యక్కర్లేదు, ఊరికే నిలబడు చాలు.

నిజమే. నేను ఊరికే నిలబడితే చాలు. గది నాది. చచ్చేదాకా నాది. పిల్లికూనలు నా వైపు చూస్తున్నాయి.

పదకొండేళ్ళుగా నేను ఆ క్యాలెండర్ వెనక చూడలేదు. చూడకపోవడమంటే తెలియకపోవడం కాదు. తేమ వల్ల పొడి రాలదు, సున్నం ముద్దలుగా ఊడుతుంది. తాపీ మేస్త్రి పెళ్ళానికి ఆమాత్రం తెలుసు.

చెయ్యి చాపి క్యాలెండర్ తీసేశాను. ఈసారి కళ్ళు తెరుచుకునే తీశాను.

దిండు వెనకనుంచి క్యాలెండర్ పై అంచు ఉన్నచోటి దాకా ఏటవాలుగా పగులు. దానికి అడ్డంగా ఎవరిస్త్ వేసిన సాక్షి. రెండు ముక్కలైంది. రెంటి మధ్య నా చిటికెన వేలు దూరుతుంది. దూర్చి చూశాను. ఎడమ ముక్క మీద ఆయన చేతిరాత: 3 అక్టోబరు 2004. దాని కింద ఇంకో వరస, పెన్సిలుతో, చిన్నగా: ఒనోరీన్‌కి చెప్పాలి.

మదాం హద్దాద్ టార్చిలైటు తీసి పగులు పొడుగునా వేసి చూసింది.

"ఇందులో ఎన్నాళ్ళుగా పడుకుంటున్నారు?"

"పుట్టినప్పట్నుంచీ."

"బరువంతా దీని మీదికే దిగుతోంది. పైన చిన్న రంధ్రం పెట్టినా మొత్తం కిందికి వచ్చేది." ఫైలు మూసేసింది. తర్వాత గొంతు తగ్గించింది. "కిటికీ తెరవనివ్వను. కానీ మదాం, ఈ గూడు కూడా ఉంచనివ్వలేను. రాయితో పూడ్చెయ్యాలి. గది సగానికి సగం పోతుంది, మనిషి ఉండే వీలుండదు. మీకు అర్థమైందా?"

"అర్థమయ్యే తీశాను," అన్నాను.

చిన్నదొర గుమ్మంలో ఆగాడు. "మీ గది మీరే పోగొట్టుకున్నారు మదాం కస్తాన్యే."

"నా గదే కదా మొస్యూ. పోగొట్టుకోవాల్సిందీ నేనే. మీ చేత్తో పోగొట్టించుకోలేదు."

వాళ్ళు వెళ్ళాక ఎవరిస్త్‌ని తిట్టాను. ఏం మనిషివయ్యా నువ్వు. చెప్పాలి అని గోడకి రాసి నాకు చెప్పకుండా పోతావా. చెప్తే గది పోతుందని నీకు తెలుసు. ఆ చలికాలం నీ దగ్గు, నా ఏడుపు, ఇంకో ఇల్లు వెతుక్కునే ఓపిక మనిద్దరికీ లేదని తెలుసు. అందుకని పగులుకి పిల్లికూనల్ని కాపలా పెట్టావు. ఆ ఏడాది బొమ్మ పిల్లికూనలు కాదు, బాతులు. ప్రతి రాత్రి నా పక్కన పడుకుని ఆ బాతుల వైపు చూసేవాడివి. నేను నీ వైపు చూసేదాన్ని. ఇద్దరం దొంగలమే.

ఇంకా చాలా అన్నాను. అవి రాయను.

జూన్ 6, సోమవారం

లెస్కూర్ ఒక్కడే వచ్చాడు. మఫ్లరు లేదు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"నేను పొరబడ్డాను మదాం. మీరు కళ్ళతో చూసిందాన్ని నేను పుస్తకంలోంచి చదివాను. నివేదికలో మీ ఆయన పేరు రాశాను."

"ఏమని రాశావు?"

"ఎవరిస్త్ కస్తాన్యే, తాపీ మేస్త్రి."

"ఆర్కిటెక్టు అని రాయలేదు కదా?"

"లేదు."

"మంచిది. లోపలికి రా, కాఫీ ఉంది," అన్నాను.

చిన్నదొర దగ్గర్నుంచి కూడా ఉత్తరం వచ్చింది, మళ్ళీ రిజిస్టర్ పోస్టే. ఏప్రిల్ నాటి మాట రద్దట. సెప్టెంబరు ముప్ఫై అన్నది ఖాయమట. తెలిసిన సంగతికి ఇంత ఖరీదైన కవరెందుకు?

జులై 11, సోమవారం

మేస్త్రీలు గూడు పూడుస్తున్నారు. మంచం ముక్కలు చేసి ముంగిట్లో పెట్టాను. ఈ నెల నుంచీ అగ్లయే గారి వంటింట్లో మడత మంచం మీద పడుకుంటున్నాను. గురక పెడుతున్నానని ఆవిడ ఫిర్యాదు. చెవుడన్నది అబద్ధమేనన్నమాట, ఆవేళ ముంగిట్లో ఆవిడ నవ్వకపోవడం నిజమేనన్నమాట.

రాళ్ళు సగం పేర్చాక, సొరుగులోంచి చిన్నదొర కాగితం తెచ్చి మడిచి రాళ్ళ మధ్య పెట్టమన్నాను. సంతకం జాగా ఖాళీగానే ఉంది. మేస్త్రి ఏమిటని అడిగాడు. చెత్త అన్నాను. సున్నం వేసి మూసేశాడు.

పూడ్చిన చోటుకి పైన, పగులు సాగితే తెలిసేలా కొత్త సాక్షి వేశాడు. తేదీ నన్నే రాయమన్నాడు. మేకుతో గీశాను. కింద పెన్సిలుతో ఏమీ రాయలేదు. చెప్పాల్సినవన్నీ చెప్పేశాను.

సెప్టెంబరు 3, శనివారం

రాళ్ళు శుభ్రం చేస్తుంటే ఉత్తుత్తి కిటికీ మీద పాత రంగు ఆనవాళ్ళు బయటపడ్డాయట. బూడిద నీలం గీతలు, అద్దాల చట్రంలాగా. అంటే ఒకప్పుడు దాని మీద కిటికీ బొమ్మ వేసేవాళ్ళన్నమాట. మళ్ళీ వేయించాలని మదాం హద్దాద్ ఉత్తర్వు పంపింది. లెస్కూర్ నాకు చదివి వినిపించాడు: "ఎడమ పక్షంలోని ఎదుటి కిటికీకి అన్ని వివరాలలోనూ సరిపోలేటట్లు."

"ఇంకోసారి చదువు," అన్నాను.

"అన్ని వివరాలలోనూ సరిపోలేటట్లు."

నేను అగ్లయే గారి వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసింది. ఆవిడకి లెక్కలొచ్చు.

సెప్టెంబరు 19, సోమవారం

రంగులవాడు పకో ఫెర్నందెజ్. ఎవరిస్త్‌తో కలిసి ఇరవై ఏళ్ళు పరంజాలెక్కినవాడు. ఎనిమిది గంటలకి వచ్చి కుడివైపు పరంజా మీద కూర్చుని, ఎదురుగా అగ్లయే గారి కిటికీని చూసి గీయడం మొదలుపెట్టాడు. ముందు చట్రం. తర్వాత ఎనిమిది అద్దాలు.

తొమ్మిదింటికి నేను నా ఎర్ర జెరేనియం కుండీ తీసుకెళ్ళి అగ్లయే గారి కిటికీ గడప మీద పెట్టాను. కిటికీ ఎడమ రెక్క తెరిచాను. కుర్చీ లాక్కుని చేతులు కట్టుకుని కూర్చున్నాను.

పకో కుంచె ఆపాడు. "ఒనోరీన్, అడ్డం లేవమ్మా."

"నేను అడ్డం కాదు, వివరాన్ని. నీకిచ్చిన కాగితంలో ఏముంది? ఎదుటి కిటికీలో ఉన్న అన్ని వివరాలూ అని కదా?"

"ఉంది."

"ఉన్నది ఉన్నట్టు వెయ్యి. అటు ఏదుంటే ఇటూ అదే ఉండాలి. ఇది దొరలు పెట్టిన రూలు, నేను పెట్టింది కాదు."

పకో కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత అతని భుజాలు కదలడం మొదలైంది, నవ్వుతున్నాడు. "ఎవరిస్త్ ఉంటే నన్ను తన్ని మరీ వేయించేవాడు. గడ్డం కొంచెం పైకెత్తు," అన్నాడు.

"ఇంకెంత ఎత్తాలి?"

"అక్కర్లేదులే. ఎత్తే ఉంది."

నాలుగు రోజులు కూర్చున్నాను. నడుం పట్టేసింది. అగ్లయే గారు వెనకనుంచి సూప్ అందిస్తూ, "జీవితంలో మొదటిసారి కదలకుండా కూర్చున్నావు, చరిత్రలో రాయాలి," అంది.

సెప్టెంబరు 28, బుధవారం

మదాం హద్దాద్ తనిఖీకి వచ్చింది. చిన్నదొర పారిస్ నుంచి దిగాడు. పైకి చూశాడు. కుడివైపు మూడో కిటికీలో, సగం తెరిచిన రెక్క వెనక, ఎర్ర జెరేనియం పక్కన, నీలం ఏప్రాన్ కట్టుకున్న ఓ మనిషి చేతులు కట్టుకుని గేటు వైపు చూస్తోంది. ఎవరొచ్చినా ముందు ఆవిడ కళ్ళలో పడాల్సిందే.

"ఇదేమిటి?" అన్నాడు చిన్నదొర.

మదాం హద్దాద్ కుడివైపు చూసింది. వెనక్కి తిరిగి ఎడమవైపు చూసింది. అక్కడ నేనున్నాను, చేతులు కట్టుకుని, జెరేనియం పక్కన. మళ్ళీ కుడివైపు చూసింది.

"ఎదుటి కిటికీలో ఈ మనిషి ఎప్పుడూ ఉంటుందా?" అని అగ్లయే గారిని అడిగింది.

"నాకు చెవుడండీ," అంది అగ్లయే గారు. తర్వాత, "ఎప్పుడూ ఉంటుంది," అంది.

మదాం హద్దాద్ నవ్వలేదు. పెదవులు మాత్రం కాస్త బిగించింది. ఫైలు మోకాలి మీద పెట్టుకుని సంతకం చేసి, ముద్ర కొట్టి, ఒక ప్రతి చిన్నదొర చేతిలో పెట్టింది.

"సరిపోయింది. ఇకనుంచి ఇది కూడా రక్షిత కట్టడంలో భాగమే. దీని మీద చెయ్యి వెయ్యాలంటే మీరు మాకు అర్జీ పెట్టుకోవాలి."

సెప్టెంబరు 30, శుక్రవారం

రేపట్నుంచి బస్టాండు అవతల కొత్త అపార్టుమెంటులో ఉంటాను. మూడో అంతస్తు, లిఫ్టు ఉంది. గోడలు అరచెయ్యి మందం లేవు, పక్కింటివాళ్ళు తుమ్మితే మనం ఆశీర్వదించొచ్చు. మంచం మామూలుగా గది మధ్యలో ఉంటుంది, నిద్ర ఎలా పడుతుందో చూడాలి.

ఇవాళ అరవై రెండు మెట్లూ ఆఖరిసారి కడిగాను. పైన రెండు సాక్షులూ కింద ఒకటీ, మూడూ బాగున్నాయి. తాళాలగుత్తి చిన్నదొర చేతికే ఇచ్చాను. అతను పైకి చూడకుండా తీసుకున్నాడు. ముంగిట్లో ఉన్నంతసేపూ పైకి చూడలేదు. అతని విరిగిన పన్ను కూడా చిన్న కవర్లో పెట్టి ఇచ్చేశాను. రిజిస్టర్ పోస్టులో పంపలేదు.

నన్ను వెళ్ళగొట్టడానికి ఒక ఉత్తరం చాలింది. కిటికీలో బొమ్మగా ఉన్న ఆవిణ్ని వెళ్ళగొట్టాలంటే అర్జీ పెట్టాలి, ముద్రలు పడాలి, మదాం హద్దాద్ మట్టి బూట్లు వేసుకుని మళ్ళీ రావాలి.

ఈ పుస్తకం మూసేముందు వెనక్కి తిప్పి చూసుకున్నాను. జనవరి పన్నెండున ఒకే ఒక్క ముక్క రాసి ఉంది: నేను వెళ్ళను. పెన్ను పట్టుకుని దాని ముందు కాసేపు కూర్చున్నాను. కొట్టెయ్యలేదు.